మలాశయ క్యాన్సర్ చికిత్స ముగిశాక ఆయుష్షు అంచనా: ఫైలు చదివే పద్ధతి

ఆపరేషన్ అయి, కుట్లు విప్పి, చివరి పాథాలజీ రిపోర్టు చేతికి వచ్చిన రోజున, గుంటూరు కొత్తపేటలోనైనా విజయవాడ సూర్యారావుపేటలోనైనా రోగి వెంట వచ్చినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంకేం భయం లేదు కదండీ?” ఈ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలంటే అవుననీ కాదనీ తేల్చడం కుదరదు. ఆ జవాబు శాతాలలోనే ఉంటుంది. ఆ శాతం ఎలాంటి రోగుల గుంపుకు సంబంధించినది, ఏ రోజు నుంచి లెక్కపెట్టినది, దేనిని లెక్కపెట్టినది అన్న మూడు సంగతులు తెలియకపోతే ఆ అంకెకు అర్థమే ఉండదు. ఈ మూడూ తెలిసిన కుటుంబం ఫోనులో కనిపించిన ఏదో ఒక అంకెను చూసి బెంబేలెత్తదు, లేని ధీమాకూ పోదు. చికిత్స ఏమివ్వాలో తేల్చవలసినది డాక్టర్లే కాబట్టి, ఇక్కడ చెప్పే లెక్కలన్నీ వారి గదిలో దొరికే కొద్దిపాటి సమయంలో పనికొచ్చే ప్రశ్న అడగడానికే అని గ్రహించాలి.

ముందుగా కాగితాలు

చాలామంది డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే వెంట తెచ్చుకుంటారు. స్కాన్ ఫిల్ములు పెద్ద కవరులో భద్రంగానే ఉంటాయి గాని, వాటి రిపోర్టు కాగితాలు ఏ బీమా దరఖాస్తుకో జతచేసి ఇచ్చేసి ఉంటారు. అంచనాకు అసలు పట్టు ఆ కాగితాలలోనే ఉంటుంది. చికిత్సకు ముందు తీసిన పెల్విస్ ఎంఆర్ఐ రిపోర్టు, ఛాతీకి, పొట్టకు తీసిన సీటీ స్కాన్ రిపోర్టు, మొదటి బయాప్సీ, చికిత్సకు ముందటి సీఈఏ (ఈ జబ్బులో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష, మనవాళ్లు కరెంటు అనే రేడియేషన్ ఎన్ని రోజులు ఎంత మోతాదులో ఇచ్చారో తెలిపే కాగితం, కీమో ఎన్ని విడతలు పూర్తయిందన్న వివరం, రేడియేషన్ తర్వాత మళ్లీ తీసిన ఎంఆర్ఐ, ఆపరేషన్ నోట్సు, చిట్టచివరి పాథాలజీ రిపోర్టు: ఇవన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉండాలి. ఆపరేషన్ ఒక ఊళ్లో, రేడియేషన్ మరో ఊళ్లో జరిగినవారికి ఇది మరింత ముఖ్యం. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందినవారైనా, గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో చూపించుకున్నవారైనా, ప్రైవేటులో డబ్బు కట్టినవారైనా ఈ రిపోర్టుల నకళ్లు అడిగి తీసుకోవచ్చు. ఎవరూ ఇవ్వలేదని ఊరుకోకూడదు.

వీటిలో తరచుగా పోయేది, పోతే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, చికిత్సకు ముందటి ఎంఆర్ఐ రిపోర్టు. గడ్డ మొదట ఎంత లోతుకు పాకిందో చెప్పగలిగేది అదొక్కటే. రేడియేషన్ అయ్యాక ఆ సంగతిని ఎవరూ తిరిగి కొలవలేరు.

రెండు స్టేజీలు, రెండు తేదీలు

గడ్డ పేగు గోడలోకి ఎంత దూరం చొచ్చుకుపోయిందో టీ అనే అక్షరం, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకు పాకిందో లేదో ఎన్ అనే అక్షరం, దూరపు అవయవాలకు చేరిందో లేదో ఎం అనే అక్షరం చెబుతాయి. అక్షరం పక్కన ఉండే అంకె పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువ పాకినట్టు. ఇంతవరకు చాలామందికి తెలుసు. పొరపాటు జరిగేది ఆ అక్షరాల ముందు ఉండే చిన్న గుర్తుల దగ్గర. ముందు సీ ఉంటే స్కాన్లనుబట్టి, పరీక్షనుబట్టి వేసిన స్టేజి. పీ ఉంటే ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని మైక్రోస్కోపు కింద చూసి వేసినది. వైపీ ఉంటే రేడియేషన్, కీమో ఇచ్చాక తీసిన భాగాన్ని చూసి వేసినది. సీటీ3 (ఇది సీటీ స్కాన్ కాదు, సీ గుర్తుతో ఉన్న టీ3) ఎన్1గా మొదలైన రోగి వైపీటీ2 ఎన్0గా తేలితే అది చికిత్సకు గడ్డ లొంగిందన్న మంచి వార్తే, సందేహం లేదు. అయితే నేరుగా ఆపరేషన్ చేయించుకున్న పీటీ2 ఎన్0 రోగుల కోసం తయారుచేసిన పట్టికలో ఆ రోగిని వెతకడం తప్పు. వీరిద్దరి జబ్బు మొదలైన చోటు వేరు. ఏ పట్టికైనా, ఏ కాలిక్యులేటరైనా వాడేముందు అది రేడియేషన్ తీసుకున్నవారి కోసమా, తీసుకోనివారి కోసమా అన్నది మొదట చూసుకోవాలి.

పాథాలజీ రిపోర్టులో ఆగి చదవవలసిన చోట్లు

ఎన్ని లింఫ్ గ్రంథులను పరీక్షించారు, వాటిలో ఎన్నింటిలో క్యాన్సర్ కనిపించింది అన్న రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. కనీసం 12 గ్రంథులు చూడాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. మూడింటిని మాత్రమే చూసి మూడింటిలోనూ లేదన్న రిపోర్టుకు, పదిహేడింటిని చూసి ఎక్కడా లేదన్న రిపోర్టుకు ఒకే బరువు ఇవ్వలేము. రేడియేషన్ తర్వాత గ్రంథులు కుంచించుకుపోయి తక్కువ దొరకడం మామూలే గనుక, 12కు తగ్గినంత మాత్రాన పని సరిగ్గా జరగలేదని నిందించడం కూడా సబబు కాదు.

తర్వాత చూడవలసినది చుట్టుకొలత అంచు. గడ్డకు, తీసిన భాగపు బయటి అంచుకు మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఆరోగ్యకరమైన కణజాలం ఉందో ఇది చెబుతుంది. 1 మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ అంచును పాజిటివ్‌గా లెక్కిస్తారు, అదే చోట జబ్బు తిరగబెట్టే ప్రమాదం గణనీయంగా పెరుగుతుంది. మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వుపొర మొత్తంతో సహా, ఆ పొర చిరగకుండా తీసే టీఎంఈ పద్ధతిని ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌కు చెందిన సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ప్రతిపాదించారు. మలాశయ క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడాన్ని అంతగా తగ్గించిన మార్పు మరొకటి చెప్పడం కష్టం. ఆ పొర పూర్తిగా వచ్చిందా, దాదాపుగా వచ్చిందా, అసంపూర్తిగా వచ్చిందా అన్నది మంచి పాథాలజీ రిపోర్టులో ఒక వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యం లేకపోతే అడగవచ్చు. రోగి చేతిలో లేని కారణాలలో సర్జన్ చేతిలో ఉన్నది ఇదొక్కటే కాబట్టి, అడగడంలో మర్యాద తప్పినట్టేమీ కాదు.

రక్తనాళాలలోకి, నరాల చుట్టూ క్యాన్సర్ కణాలు చొచ్చుకుపోయాయా అన్నది, కణాల తీరు ఎలా ఉంది అన్నది మరికొన్ని వరుసలలో ఉంటాయి. సిగ్నెట్ రింగ్ (ఉంగరం ఆకారంలో కనిపించే కణాలు) అన్న మాట కనిపిస్తే జబ్బు కాస్త మొండిదని అర్థం. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల సగటు వయసు 47 ఏళ్ల ప్రాంతంలో ఉండడం, సిగ్నెట్ రింగ్ రకం నూటికి పది మందికి పైగా కనిపించడం గమనించారు. పాశ్చాత్య దేశాలలో ఈ రకం నూటికి ఒకరిద్దరిలోనే ఉంటుంది. అక్కడి పట్టికలను ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడా మనసులో ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది టీఆర్‌జీ, అంటే చికిత్సకు గడ్డ ఎంత లొంగిందో చెప్పే అంకె. దీనికి ఒకే కొలమానం లేదు. ఏజేసీసీ పద్ధతిలో 0 వస్తే క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలలేదని. మాండార్డ్ పద్ధతిలో అదే సంగతికి 1 వేస్తారు. డ్వోరాక్ పద్ధతిలో అదే సంగతికి 4 వేస్తారు, అందులో 0 అంటే గడ్డ ఏమాత్రం లొంగలేదని. ఒకే రోగి ఒక ల్యాబులో 0, మరో ల్యాబులో 4 కావచ్చు, రెండూ ఒకే శుభవార్త కావచ్చు. టీఆర్‌జీ అంకె పక్కన పద్ధతి పేరు రాయని రిపోర్టును చూసి సంతోషించడం, దిగులుపడడం రెండూ తొందరపాటే. పాథాలజిస్టుకు ఫోను చేసి పేరు రాయించుకోవాలి.

ఇక ఎంఎంఆర్ పరీక్ష, అంటే కణంలో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూసేది. మలాశయ క్యాన్సర్లలో కొద్ది శాతమే ఎంఎంఆర్ లోపం ఉన్నవి. ఆ కొద్దిమంది దారే వేరు: న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రం 2022లో ప్రకటించిన ఫలితాలలో డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ (శరీరపు రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే) మందు పూర్తిగా తీసుకున్న మొదటి 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. ఈ పరీక్ష ఫలితం తెలియకుండా వేసిన అంచనా అసంపూర్ణం. మొదటి బయాప్సీ ముక్క మీదే దీన్ని చేయించుకోవచ్చు.

ఏ ఫలితం గురించి అడుగుతున్నారు?

“అయిదేళ్ల శాతం” అన్న మాట వెనుక కనీసం నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. అయిదేళ్లకు, కారణం ఏదైనా సరే, బతికి ఉన్నవారెందరు. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవారెందరు. అదే చోట తిరగబెట్టినవారెందరు. లివరుకో ఊపిరితిత్తులకో పాకినవారెందరు. ఈ తేడా ఎంత పెద్దదో 2004లో వెలువడిన జర్మనీ ట్రయల్ (రోగులపై రెండు చికిత్సలను పోల్చిన పరిశోధన) చూపించింది. ఆపరేషన్‌కు ముందు కీమోతో కలిపి రేడియేషన్ ఇచ్చినవారిలో అయిదేళ్లకు అదే చోట తిరగబెట్టినవారు నూటికి 6 మంది. ఆపరేషన్ తర్వాత ఇచ్చినవారిలో 13 మంది. సగానికి సగం తేడా. కాని అయిదేళ్లకు బతికి ఉన్నవారు మొదటి వర్గంలో నూటికి 76, రెండో వర్గంలో 74. చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి అంకెలు చూసినవారు ముందుగా రేడియేషన్ ఇస్తే ప్రాణం నిలుస్తుందనుకుంటారు, రెండో అంకెలు చూసినవారు ప్రయోజనమే లేదనుకుంటారు. అదే చోట తిరగబెడితే కలిగే నొప్పి, రక్తస్రావం చూసినవారికి ఆ ఏడుగురి తేడా ఎంత విలువైనదో తెలుసు.

అమెరికా జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కలలో కనిపించేది వీటన్నిటికీ భిన్నమైన సాపేక్ష శాతం, అంటే అదే వయసున్న మామూలు జనంతో పోల్చి చెప్పేది. అక్కడ జబ్బు మలాశయానికే పరిమితమైనవారికి అయిదేళ్ల సాపేక్ష శాతం సుమారు 90, చుట్టుపక్కలకు పాకినవారికి సుమారు 74, దూరపు అవయవాలకు చేరినవారికి 20 కంటే తక్కువ. ఫోనులో మొదట కనిపించేవి ఈ అంకెలే. దేశమంతటి రోగులను మూడంటే మూడు గదులలో సర్దిన లెక్క అది. పైన చెప్పిన అంచు, గ్రంథులు, టీఆర్‌జీ వంటివేవీ అందులో లేవు.

చేత్తో వేసుకోగల ఒక లెక్క

రేడియేషన్ తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారి కోసం 2015లో ప్రతిపాదించిన ఎన్ఏఆర్ స్కోరును కాగితం మీదే కట్టుకోవచ్చు. దానికి మూడు అంకెలు చాలు: చికిత్సకు ముందటి టీ, ఆపరేషన్ తర్వాతి టీ, ఆపరేషన్ తర్వాతి ఎన్. ముందటి టీ నుంచి తర్వాతి టీని తీసివేసి, వచ్చినదాన్ని 3తో హెచ్చించండి. తర్వాతి ఎన్‌ను, అది 0, 1, 2లలో ఏదైతే దాన్ని, 5తో హెచ్చించి 12 కలపండి. ఈ రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసివేయండి. మిగిలినదాన్ని దానితోనే హెచ్చించి 9.61తో భాగించండి.

ముందు టీ3, తర్వాత టీ2, ఎన్0 అనుకుందాం. 3 నుంచి 2 పోగా 1, మూడుతో హెచ్చిస్తే 3. ఎన్ సున్నా గనుక రెండోది 12. పన్నెండులో మూడు పోగా 9, తొమ్మిది తొమ్ముదులు 81, దాన్ని 9.61తో భాగిస్తే సుమారు 8.4. అదే రోగికి ఒకటి రెండు గ్రంథులలో క్యాన్సర్ మిగిలి ఎన్1 వచ్చి ఉంటే, 17లో 3 పోగా 14, దాని వర్గం 196, స్కోరు 20కి పైన. గడ్డ పూర్తిగా కరిగి టీ0 ఎన్0 వచ్చి ఉంటే స్కోరు 1 కూడా దాటదు. గ్రంథుల ఫలితం స్కోరును ఎంతగా మార్చేస్తుందో ఈ మూడు ఉదాహరణలలోనే తెలుస్తుంది. అమెరికాలో జరిగిన ఆర్-04 అనే ట్రయల్ రోగులలో స్కోరు 8 కంటే తక్కువ ఉన్నవారిలో అయిదేళ్లకు నూటికి 92 మంది, 8 నుంచి 16 మధ్య ఉన్నవారిలో 89 మంది, 16 దాటినవారిలో 68 మంది బతికి ఉన్నారు.

ఈ స్కోరుకు వయసు తెలియదు, అంచు తెలియదు, షుగరు, గుండె జబ్బు తెలియవు. ముందటి టీ తప్పుగా రాసి ఉంటే స్కోరు కూడా తప్పుతుంది. పైగా దీన్ని తయారుచేసిన ఉద్దేశం ట్రయళ్లలో చికిత్సలను పోల్చడం. కాబట్టి 8.4కు, 6.7కు మధ్య గీత దాటిందని నిద్ర మానుకోవలసిన పని లేదు.

ఇంకొంత వివరంగా చెప్పే నోమోగ్రాములూ, అంటే చాలా వివరాలను కలిపి ఒక శాతం చెప్పే పట్టికలూ ఉన్నాయి. యూరప్‌లోని అయిదు ట్రయళ్ల నుంచి 2,795 మంది రోగుల వివరాలతో వాలెంటినీ బృందం 2011లో తయారుచేసినది వాటిలో పేరున్నది. మొత్తం మీద బతకడాన్ని అంచనా వేయడంలో దాని సి-ఇండెక్స్ 0.70. ఈ అంకెను ఇలా అర్థం చేసుకోవాలి: ఇద్దరు రోగులను తీసుకొని ఎవరు ఎక్కువ కాలం ఉంటారని అడిగితే, అలాంటి వంద జతలలో సుమారు 70 జతలకు అది సరైన వరుస చెబుతుంది, బొమ్మా బొరుసూ వేసినా 50 జతలకు సరిగ్గానే వస్తుంది. ఎంతో శ్రమించి కట్టిన లెక్క కూడా వంద జతలలో 30 సార్లు వరుస తప్పుతుందన్నమాట. “మీ నాన్నగారికి నూటికి 70” అని చెబితే అలాంటి వందమందిలో 70 మంది అని తప్ప, ఆయన ఆ డెబ్భైమందిలో ఉన్నారని గాని లేరని గాని ఏ యంత్రమూ చెప్పలేదు.

వంపు గీత కింది చిన్న అంకెలు

పరిశోధన పత్రాలలో కనిపించే మెట్లమెట్లుగా దిగే గీతను కప్లన్, మయర్ 1958లో చూపిన పద్ధతిలో గీస్తారు. చూపు ఎప్పుడూ గీత చివరకే పోతుంది. చూడవలసినది గీత కింద వరుసగా ఉండే చిన్న అంకెలు, ఆ సమయానికి ఇంకా పరిశీలనలో ఉన్నవారెందరో చెప్పేవి. మొదట 300 మంది ఉండి అయిదో ఏటికి 12 మందే మిగిలితే ఆ చివరి మెట్టును నమ్మలేము. మధ్యలో ఆసుపత్రికి రావడం మానేసినవారిని ఆ తేదీ వరకే లెక్కలో ఉంచి పక్కన పెడతారు. వారు కూడా మిగిలినవారిలాగే ఉండి ఉంటారన్నది ఈ పద్ధతి పెట్టుకున్న నమ్మకం. మిర్చి యార్డు సీజను వల్ల రాలేనివారి విషయంలో ఆ నమ్మకం నిలుస్తుంది. జబ్బు ముదిరి మంచం పట్టి రాలేనివారి విషయంలో నిలవదు. ఫోను చేసి కనుక్కునే ఏర్పాటు లేని ఏ ఆసుపత్రి ఫలితాలైనా ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి.

కాలం గడిచేకొద్దీ అంకె మారుతుంది

డిశ్చార్జి రోజున చెప్పిన శాతాన్ని మూడేళ్ల తర్వాత కూడా పట్టుకు వేలాడేవారు కనిపిస్తారు. ఆ అంకె కాలం చెల్లింది. ఉదాహరణకు ఒక గీత రెండేళ్ల దగ్గర 85, అయిదేళ్ల దగ్గర 70 చూపిస్తోందనుకుందాం. రెండేళ్లు దాటిన రోగికి అయిదేళ్లు చేరే అవకాశం 70 కాదు, 70ని 85తో భాగించగా వచ్చే 82. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లలో తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి గనుక, ఆ మూడేళ్లు దాటిన ప్రతి పరీక్షా అంచనాను పైకి జరుపుతుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో మాత్రం ఆలస్యంగా తిరగబెట్టడం అరుదేమీ కాదు కాబట్టి అయిదేళ్ల వరకు పరీక్షలు మానకూడదు.

గడ్డ పూర్తిగా కరిగి, ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకొని ఉండే దారిని ఎంచుకున్నవారికి గడియారం వేరేగా నడుస్తుంది. బ్రెజిల్‌కు చెందిన సర్జన్ ఏంజెలీటా హాబ్ర్-గామా 2004లో ప్రచురించిన ఫలితాలతో ఈ పద్ధతి ప్రపంచం దృష్టికి వచ్చింది. ఇలా ఉండేవారిలో సుమారు నాలుగో వంతు మందికి గడ్డ అక్కడే మళ్లీ మొలకెత్తుతుంది, అదీ చాలావరకు మొదటి రెండేళ్లలో. వెంటనే పట్టుకుంటే ఎక్కువమందికి అప్పటికీ ఆపరేషన్‌తో తీసివేయవచ్చు. ప్రతి మూడు నాలుగు నెలలకు ఎండోస్కోపీకి, క్రమం తప్పని ఎంఆర్ఐకి రాగలిగినవారికే ఈ దారి. నరసరావుపేట అవతలి పల్లె నుంచి రావలసిన వృద్ధుడికి తోడు ఎవరు వస్తారన్నది కూడా ఇక్కడ అంచనాలో భాగమే.

జబ్బు దూరపు అవయవాలకు చేరిన నాలుగో స్టేజి వారికి డాక్టర్లు సాధారణంగా మీడియన్ చెబుతారు, అంటే సగం మంది దాటే కాలం. దాన్ని గడువుగా వినకూడదు. చాలా అధ్యయనాలలో సుమారు సగం మంది ఆ మీడియన్‌లో సగానికి, రెట్టింపుకు మధ్య ఉంటారు. కొద్దిమంది మూడింతలు దాటుతారు. లివరులో ఒకటి రెండు మచ్చలే ఉండి వాటిని ఆపరేషన్‌తో తీయగలిగినవారి లెక్క పూర్తిగా వేరు, వారిని ఈ గుంపులో కలపకూడదు.

డాక్టరు దగ్గరా, ఇంట్లోనూ

“ఎన్నాళ్లుంటారు?” అని అడిగితే ఏ డాక్టరైనా “మన చేతుల్లో ఏముందండీ” అనే అంటారు. దానికి బదులు “రేడియేషన్ తర్వాత ఇలాంటి రిపోర్టు వచ్చినవారిలో జబ్బు తిరగబెట్టకుండా మూడేళ్లు దాటేవారు నూటికి ఎంతమంది ఉంటారండీ? మా రిపోర్టులో ఆ అంకెను పెంచేవి, తగ్గించేవి ఏమున్నాయి?” అని అడగాలి. ఇలా అడిగినవారికి జవాబు రాకపోవడం అరుదు. ఈ మాటలు రోగి ఎదురుగా మాట్లాడాలా వద్దా అన్నది కొడుకులు, అల్లుళ్లు వరండాలో తేల్చే విషయం కాదు. “నాన్నా, అంకెలన్నీ మీకు చెప్పమంటారా, మమ్మల్నే కనుక్కోమంటారా?” అని ముందే ఆయన్ను అడిగితే సరిపోతుంది. చాలామంది పెద్దలు తమ పొలం పనులు, చిన్నమ్మాయి పెళ్లి చూసుకొని ఏర్పాట్లు చేసుకోవడానికి తెలుసుకోవాలనే అనుకుంటారు.

ఆ తర్వాత మిగిలేది క్రమం తప్పని పరీక్షలు. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి సీఈఏ; డాక్టరు చెప్పిన వ్యవధిలో సీటీ స్కాన్; ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ. సీఈఏను ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోవాలి; పద్ధతి మారితే అంకె మారుతుంది, పొగతాగేవారిలో మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. 5 లోపు ఉండడమే సాధారణం; ఒకసారి 5.6 వచ్చినంత మాత్రాన తిరగబెట్టినట్టు కాదు, కొద్ది వారాలలో మళ్లీ చేయించి, పెరుగుతూ ఉంటేనే స్కానుకు పంపుతారు. ఆ స్కానులో ఏదైనా తేలితే పాత స్కోర్లు, పాత గీతలు అన్నీ అక్కడితో చెల్లిపోతాయి. మచ్చ ఎక్కడుంది, ఒక్కటేనా, తీయగలిగినదేనా అన్న వివరాలతో ఆ తేదీ నుంచి అంచనా మళ్లీ మొదటి నుంచి వేయాలి.